జూన్ మొదట్లో ఒక్క రోజు దొరికితే: బీవర్‌కిల్లా, వెస్ట్ బ్రాంచా?

మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే. ఆ వారం నుంచి జూన్ మూడో వారం దాకా, న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండి ఫ్లై ఫిషింగ్ పిచ్చి పట్టిన మనవాళ్ల ఫోన్లలో ఒకటే చర్చ. శనివారం ఖాళీ దొరికింది, పిల్లలకు క్లాసులు లేవు, ఇంట్లో పర్మిషన్ కూడా వచ్చేసింది. ఎక్కడికి పోవాలి? ఒకరు బీవర్‌కిల్ అంటారు, ఒకరు వెస్ట్ బ్రాంచ్ డెలావేర్ అంటారు, ఇంకొకరు "అంత దూరం ఎందుకండీ, హై బ్రిడ్జి పక్కనే రారిటన్ ఉందిగా" అంటారు. ముగ్గురు చెప్పేదీ కరెక్టే. ఏ రోజు ఎవరిది కరెక్టో తేల్చుకోవడమే మన పని.

నా లెక్క ముందే చెప్పేస్తాను. నది పేరు కన్నా ముందు రెండు సంగతులు చూడాలి: నీటి వేడి ఎంత, మీ చేతిలో ఉన్న గంటలు ఏవి. చీకటి పడేదాకా ఉండగలిగి, ఆ వారం ఎండలు మరీ ముదరకపోతే బీవర్‌కిల్. సాయంత్రం ఆరింటికల్లా ఇంటిదారి పట్టాల్సినవాళ్లకు, లేదా పగలు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతున్న వారంలో, వెస్ట్ బ్రాంచ్. రాడ్ కొని మూడు నెలలు కాలేదంటే రెండూ వద్దు, రారిటన్‌లో ముందు చెయ్యి తిరగనివ్వండి. ఇక్కడితో చదవడం ఆపేసినా పెద్ద నష్టం లేదు. ఎందుకలా అని అడిగేవాళ్ల కోసం మిగతాది.

ముందు ఈ పురుగుల గొడవ ఏమిటో

తొలకరి పడ్డ సాయంత్రం వీధి దీపం చుట్టూ ఉసిళ్లు మూగడం చూసే ఉంటారు. అప్పటిదాకా ఎక్కడున్నాయో తెలియదు, ఒక్కసారిగా వేలకు వేలు. కప్పలకీ బల్లులకీ ఆ పూట పండగే. ఫ్లై ఫిషింగ్‌లో అందరూ ఎదురుచూసే హాచ్ అంటే దాదాపు అదే, కాకపోతే ఈ పురుగులు వచ్చేది నేలలోంచి కాదు, నీళ్లలోంచి. మేఫ్లై ఏడాది పాటు నది అడుగున రాళ్ల సందుల్లో నింఫ్‌గా బతుకుతుంది. ఒక రోజు పైకి తేలి, వీపు చీల్చుకుని, తొడుగు విడిచి రెక్కలతో బయటపడుతుంది. ఆ రెక్కలు ఎగరడానికి సిద్ధమయ్యేదాకా నీటి మీద చిన్న తెరచాప పడవలా తేలుతూ పోతుంది. దాన్ని డన్ అంటారు. అది ఎగిరి చెట్ల మీద వాలి, ఒకటి రెండు రోజుల్లో ఇంకో పొర విడిచి, గాజులాంటి రెక్కలున్న స్పిన్నర్‌గా మారుతుంది. జత కట్టడం, నీటి మీద గుడ్లు పెట్టడం, రెక్కలు చాపి పడి చచ్చిపోవడం, అంతే. రెక్కలొచ్చాక దానికి తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు.

మనం పట్టే ట్రౌట్ చేపకి ఇవన్నీ ఒకే తిండి కాదు. అడుగున ఈదే నింఫ్, నీటి పైపొరలో తొడుగుతో పెనుగులాడే ఎమర్జర్, పైన తేలే డన్, చచ్చి తేలే స్పిన్నర్, నాలుగూ నాలుగు రకాలు. ఒకటి తింటున్న చేప పక్కనుంచి రెండోది పోతున్నా పట్టించుకోకపోవచ్చు. మనం విసిరేది ఈకలూ వెంట్రుకలూ దారమూ చుట్టిన చిన్న గాలం, దాన్నే ఫ్లై అంటారు. చేప ఇప్పుడు ఏది తింటోందో కనిపెట్టి అదే కట్టాలి. వానపాము గుచ్చి బెండు వేసి కూర్చునే మన చెరువు గాలానికీ దీనికీ ఉన్న తేడా ఇదే. చూపంతా నీటి మీదే ఉండాలి.

బీవర్‌కిల్: సాయంత్రం నది

కిల్ అంటే డచ్చి భాషలో వాగు. ఆ పేరు విని కంగారుపడే అమ్మలకు ఈ మాట చెప్పి పెట్టండి. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ కొండల్లో పుట్టి, రాస్కో ఊరి దగ్గర విల్లోవీమాక్‌ను కలుపుకుని, కొంత దూరం పోయి ఈస్ట్ బ్రాంచ్ డెలావేర్‌లో కలుస్తుంది. ఎడిసన్ నుంచి రాస్కోకి రూట్ 17 మీదుగా రెండుంపావు గంటలు పడుతుంది, ట్రాఫిక్ కరుణిస్తే. ఇంగ్లండ్ పద్ధతి ఫ్లైలను ఇక్కడి పురుగులకు తగ్గట్టు మార్చి కట్టిన థియోడర్ గోర్డన్ బతికింది ఈ కొండల్లోనే, 1915లో పోయింది కూడా ఇక్కడే. అమెరికా ఫ్లై ఫిషింగ్‌కి ఇది కూచిపూడి గ్రామం లాంటిదని నా స్నేహితుడొకడు అంటుంటాడు. వర్షం పడి నది ఎర్రబారిన రోజు పక్కనున్న లివింగ్‌స్టన్ మేనర్‌లో ఫ్లై ఫిషింగ్ మ్యూజియం చూడొచ్చు, పిల్లలకు కూడా బాగుంటుంది.

ఈ నది మీద ఆనకట్ట లేదు. మంచీ చెడూ రెండూ అందులోనే ఉన్నాయి. నీళ్లు వానని బట్టి, వేడి ఎండని బట్టి. మే ఆఖరులో నీళ్లు 55 నుంచి 62 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే చేపకి హాయి. అదే జూన్ రెండో వారంలో నాలుగు రోజులు వరసగా ఎండ కాసిందా, మధ్యాహ్నానికి 70 దాటేస్తుంది. 68 దగ్గర నేను గాలం తీసేస్తాను. వేడెక్కే కొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. అలాంటి నీటిలో పెనుగులాడిన ట్రౌట్‌ని ఎంత జాగ్రత్తగా వదిలినా కాసేపటికి వెల్లకిలా తేలొచ్చు. రాస్కో దిగువన పట్టిన చేపను వదిలేయాల్సిన నో-కిల్ భాగం 1965 నుంచీ ఉంది. పేరులో కిల్, రూలులో నో-కిల్. చచ్చేలా పట్టి వదిలితే ఆ రూలుకి అర్థమే లేదు కదా.

పురుగులు వచ్చే వేళ ఇక్కడ సాయంత్రమే. జూన్ మొదట్లో సూర్యుడు ఎనిమిదిన్నర దాకా ఉంటాడు. ఆరున్నర నుంచి చీకటి పడేదాకా ఉండే రెండు గంటలే అసలు ఆట. పగలంతా నది ఖాళీగా, చేపలే లేనట్టు ఉంటుంది. కొత్తవాళ్లు చేసే తప్పు ఏమిటంటే, తెల్లారి ఏడింటికే వచ్చి, ఎండలో మధ్యాహ్నం దాకా విసిరి విసిరి, విసుగెత్తి నాలుగింటికి ఇంటికి బయల్దేరడం. భోజనం వడ్డించే వేళకి విస్తరి ముందు నుంచి లేచిపోయినట్టు. నేను రెండేళ్లు అచ్చం అలాగే చేశాను.

మా మామగారు మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు కెయిర్న్స్ పూల్ అనే మడుగు దగ్గర ఒడ్డున మడత కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయన లంక గ్రామం మనిషి. నీళ్లు అంటే ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఏడున్నరకి సల్ఫర్లు మొదలయ్యాయి, పసుపచ్చగా, గోరంత పురుగులు. నేను పసుపు డన్ కట్టి విసురుతున్నాను. నా ముందే మూడు చేపలు తింటున్నాయి. నా ఫ్లై మాత్రం వాటి నెత్తి మీంచి పోతోంది. మామగారు కాసేపు చూసి, "అల్లుడుగారూ, అది ఎగిరేదాన్ని తినట్లేదండీ. చచ్చినదాన్ని తింటోంది" అన్నారు. వంగి చూశాను. నిజమే. రెక్కలు శిలువలా చాపుకుని, నీటికి అతుక్కుపోయి, తుప్పు రంగులో పడి ఉన్న స్పిన్నర్లు. ఎగిరేవి కంటికి ఎక్కువగా ఆనుతాయి కాబట్టి మనం వాటినే చూస్తాం. ఫ్లై మార్చాను. రెండో విసురుకే పద్నాలుగు అంగుళాల బ్రౌన్ ట్రౌట్. గాలం విప్పి నీళ్లలో వదిలేశాక ఆయన ముఖం చూడాలి. "పట్టి వదిలేయడానికా ఇంత దూరం కారు తోలారు?" అన్నారు. "అవునండీ మామగారూ" అన్నాను. ఇంటికి వచ్చేదాకా పులస గురించే మాట్లాడారు.

వెస్ట్ బ్రాంచ్: ఆనకట్ట కింది చల్లని నది

రాస్కో దాటి ఇంకో పాతిక మైళ్లు పోతే హాన్‌కాక్. అక్కడ ఈస్ట్, వెస్ట్ బ్రాంచిలు కలిసి డెలావేర్ నది అవుతాయి. వెస్ట్ బ్రాంచ్ మీద డిపాజిట్ ఊరికి ఎగువన క్యానన్స్‌విల్ ఆనకట్ట ఉంది. న్యూయార్క్ నగరం తాగే నీళ్ల కోసం 1960ల్లో కట్టింది. ఆనకట్ట అడుగునుంచి వదిలే నీళ్లు కాబట్టి జూన్ ఎండలో కూడా పైభాగంలో 45-50 డిగ్రీలే ఉంటాయి. నీటిలో వేళ్లు పెడితే ఫ్రిజ్ నీళ్లలా జివ్వుమంటాయి.

ఎంత నీళ్లు వదలాలన్నది చేపలు పట్టేవాళ్ల చేతిలో లేదు. నదీ జలాల మీద న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా కొట్టుకుంటే అమెరికా సుప్రీం కోర్టు 1954లో తీర్పు చెప్పింది: దిగువన మాంటేగ్ దగ్గర 1,750 క్యూసెక్కుల ప్రవాహం ఉండేలా నగరం నీళ్లు వదలాలి. కృష్ణా జలాల పంచాయితీ వార్తలు వింటూ పెరిగిన మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. అమెరికన్ స్నేహితులకే కాస్త విడమర్చి చెప్పాల్సి వస్తుంది. దిగువన నది ఎండితే ఎగువన తూము తెరుస్తారు. కాబట్టి వాన చుక్క పడకపోయినా వెస్ట్ బ్రాంచ్ ఒక్క రోజులో పెరగొచ్చు. బయల్దేరే ముందు స్టైల్స్‌విల్ దగ్గర ప్రవాహం కొలిచే గేజ్ చూడండి. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) సైట్‌లో గంట గంటకూ కనిపిస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర లక్షల క్యూసెక్కులు విన్న చెవులకి ఇక్కడి 400 క్యూసెక్కులు అంటే నవ్వొస్తుంది గానీ, తొడ లోతు నీళ్లలో నున్నటి రాళ్ల మీద నిలబడ్డాక తెలుస్తుంది 400 అంటే ఏమిటో. నా వరకు 300-600 మధ్య నడవడానికి బాగుంటుంది. వెయ్యి దాటితే అది పడవలో వెళ్లే నది, నడిచే నది కాదు.

చల్లదనం వల్ల రెండు లాభాలున్నాయి. ఒకటి, బీవర్‌కిల్‌లో జూన్ మధ్యకి ముగిసిపోయే సల్ఫర్ హాచ్ ఇక్కడ జులై దాటి ఆగస్టులోకి కూడా నడుస్తుంది. రెండోది, అది పట్టపగలే వస్తుంది. మధ్యాహ్నం ఒకటీ రెండు గంటలకి మొదలై నాలుగైదు దాకా. సాయంత్రం పిల్లవాడి పుట్టినరోజు పార్టీ ఉన్నవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? పైగా ఎండ వారంలో సాయంత్రాలు ఇక్కడ కలిసిరావు. వేడి గాలి చల్లటి నీటికి తగిలి పొగమంచు కమ్ముకుంటుంది. పొగమంచు దిగితే చేప తినడం మానేస్తుందని ఇక్కడి పాతవాళ్లు అంటారు. నాకూ అదే అనుభవం.

ఇక చెడు. వెస్ట్ బ్రాంచ్ చేపలు చదువుకున్న చేపలు. ఎక్కువ భాగం నదిలోనే పుట్టి పెరిగిన బ్రౌన్‌లు. నీళ్లు అద్దంలా నెమ్మదిగా పారుతాయి కాబట్టి వాటికి ఫ్లైని తనిఖీ చేసుకునేంత తీరిక. రెండేళ్ల కిందట జూన్ రెండో వారంలో డిపాజిట్ దిగువన ఒకే ఒక్క చేప మీద గంటా నలభై నిమిషాలు గడిపాను. ముప్పై అడుగుల దూరంలో, మునిగిన దుంగ పక్కన, ఇరవై సెకన్లకి ఒకసారి తింటోంది. నా ఫ్లై వచ్చినప్పుడల్లా లేచి, దాని కిందే రెండడుగులు వెనక్కి కొట్టుకుపోతూ వచ్చి, మూతి ఆనించి, మళ్లీ దిగిపోయేది. ఏడు ఫ్లైలు మార్చాను. ఎనిమిదోసారి విసరకుండా నీటిలోకే చూస్తూ నిలబడ్డాను. డన్లు పోతున్నాయి నిజమే, కానీ వాటికన్నా ఎక్కువగా, తొడుగు తోక చివర వేలాడుతూ, పూర్తిగా బయటపడలేకపోయిన ఎమర్జర్లు పోతున్నాయి. పద్దెనిమిదో నంబరు ఎమర్జర్ కట్టాను (గాలం నంబరు పెరిగే కొద్దీ సైజు తగ్గుతుంది). తీసుకుంది. మూడు సెకన్లు. 6ఎక్స్ టిప్పెట్, అంటే ఫ్లైకి కట్టే చివరి సన్న దారం, ఠప్పున తెగింది. ఒడ్డున కూర్చుని అంతసేపూ చూసిన పెద్దాయన చప్పట్లు కొట్టాడు, నాకో చేపకో తెలియదు.

ఇలాంటి రోజు మీకు సరదా అనిపిస్తే వెస్ట్ బ్రాంచ్ మీది. ఒళ్లు మండితే బీవర్‌కిల్‌కి పోండి. గలగల పారే నీళ్లలో చేపకి ఆలోచించే టైముండదు, మన తప్పుల్ని ఎక్కువగా క్షమిస్తుంది.

ఈస్ట్ బ్రాంచ్, హాన్‌కాక్ దిగువ మెయిన్ స్టెమ్ (రెండూ కలిశాక వచ్చే అసలు డెలావేర్) కూడా మంచివే. ముఖ్యంగా మెయిన్ స్టెమ్ రెయిన్‌బో ట్రౌట్‌లు, రీల్ ఖాళీ అయ్యేలా లాగుతాయి. కానీ నది వెడల్పు, చేపలు ఒక చోట నిలవవు, పడవ లేకుండా మొదటిసారి వెళ్తే చూసి రావడమే అవుతుంది. వాటిని వచ్చే ఏడాదికి పెట్టుకోండి.

రారిటన్ సంగతి

న్యూజెర్సీలో సౌత్ బ్రాంచ్ రారిటన్, అందులో హై బ్రిడ్జి, క్యాలిఫన్ మధ్య కెన్ లాక్‌వుడ్ గోర్జ్. ఎడిసన్ నుంచి గంట లోపే. పెక్వెస్ట్ హాచరీలో పెంచి వసంతంలో రాష్ట్రం వదిలే రెయిన్‌బోలే ఎక్కువ. అవి తెలివైనవి కావు. అదే వాటి గొప్ప. గోర్జ్‌కి ప్రత్యేక రూల్స్ ఉన్నాయి, ఆ ఏడాది నిబంధనలు చదివి దిగండి. మే ఆఖరు దాకా బాగుంటుంది, జూన్ మధ్యకి నీళ్లు వేడెక్కిపోతాయి. మూడు వారాలు వరసగా వెళ్లి, లైన్‌ని చెట్లకి తగలకుండా ముప్పై అడుగులు వేయడం, ఫ్లైని నీళ్లతో పాటే పోనివ్వడం నేర్చుకుంటే చాలు. ఈ రెండో దాన్నే డ్రాగ్ లేని డ్రిఫ్ట్ అంటారు. లైన్ లాగడం వల్ల ఫ్లై నీటి మీద గీత గీసుకుంటూ పోయిందా, ఏ ఫ్లై అయినా దండగే. రారిటన్‌లో అది రాకపోతే వెస్ట్ బ్రాంచ్‌లో అసలు రాదు.

ఏ హాచ్ కోసం వెళ్లాలి: గ్రీన్ డ్రేక్ మోజు, సల్ఫర్ నమ్మకం

మే చివరి రోజులు, జూన్ మొదటి వారం అనగానే అందరూ కలవరించేది గ్రీన్ డ్రేక్. దాదాపు అంగుళం పొడవు పురుగు, ఎనిమిదో పదో నంబరు గాలం. దాని స్పిన్నర్‌కి తెల్లటి ఒళ్లు, మచ్చల రెక్కలు. కాఫిన్ ఫ్లై అని పేరు, అంటే శవపేటిక పురుగు. పెద్ద చేపలు కూడా సిగ్గు విడిచి పైకి వస్తాయి. ఈ మాట విని నేను మూడేళ్లు వరసగా సెలవు పెట్టాను. రెండేళ్లు పురుగు రాలేదు, పురుగు వచ్చిన ఏడాది చేపలు రాలేదు. ఒక్కో చోట అది ఉండేది కొద్ది రోజులే, ఏ రోజన్నది ముందుగా చెప్పలేం. పక్క ఊళ్లోనే ఇల్లుంటే దాని కోసం వెళ్లండి. రెండున్నర గంటలు తోలుకుని ఒక్క రోజుకి వచ్చేవాళ్లు దాన్ని నమ్ముకోవద్దు. డబ్బాలో రెండు పెట్టుకోండి, వస్తే అదృష్టం.

నమ్ముకోవాల్సింది సల్ఫర్‌ని. పదహారు, పద్దెనిమిది నంబర్లు. రోజూ అదే వేళకి, వారాల తరబడి వస్తుంది. చిన్నది కాబట్టి చూపు ఆనని నలభై దాటినవాళ్లకి సాయంత్రం వేళ దారం ఎక్కించడం నరకం. టోపీకి తగిలించుకునే లైటూ, రీడింగ్ గ్లాసూ మర్చిపోవద్దు. ఇంట్లోనే నాలుగైదు ఫ్లైలకి టిప్పెట్ ముక్కలు కట్టి తెచ్చుకునే తెలివైనవాళ్లు కూడా ఉన్నారు.

ఈ రెండింటి మధ్య మార్చ్ బ్రౌన్, ఐసోనికియా ఉన్నాయి. పేరులో మార్చి ఉన్నా మార్చ్ బ్రౌన్ వచ్చేది మే మధ్య నుంచి. పెద్దవే, పది పన్నెండు నంబర్లు, కానీ గుంపుగా కాకుండా రోజంతా ఒకటీ అరా వస్తాయి. దానికో ఉపయోగం ఉంది: ఏ హాచ్ లేని మధ్యాహ్నం బీవర్‌కిల్ దూకుడు నీళ్లలో ఒక మార్చ్ బ్రౌన్ విసిరితే, పెద్ద ముద్ద కదా అని చేప లేచే అవకాశం ఉంది. ఐసోనికియా నింఫ్ చేపలా ఈదుతుంది, రాయి మీదకి పాకి తొడుగు విడుస్తుంది. ఒడ్డు రాళ్ల మీద ఎండిన నల్లటి తొడుగులు కనిపిస్తే అది మొదలైనట్టే. కాడిస్ అనే ఇంకో రకం నీటి పురుగు అన్ని చోట్లా ఉంటుంది, దాన్ని పోలిన ఎల్క్ హెయిర్ కాడిస్ ఫ్లైలు నాలుగు ఉంటే చాలు.

నీటి దగ్గర నిలబడ్డాక: డన్నా, ఎమర్జరా, స్పిన్నరా

చేప తినే తీరే చెబుతుంది. మూతి బయటికి వచ్చి, తిన్నాక నీటి మీద ఒక బుడగ మిగిలితే అది పైన తేలే డన్‌ని తీసుకుంది. గాలి కూడా మింగింది కాబట్టి బుడగ. వీపూ, పై రెక్కా మాత్రమే మెలిక తిరిగి కనిపించి బుడగ లేకపోతే, పైపొర కింద ఎమర్జర్. చీకటి పడే వేళ, వాన చినుకు పడ్డంత చిన్న వలయం, చప్పుడే లేకపోతే స్పిన్నర్. ఆ చిన్న వలయం కింద నెలల పిల్ల ఉందనుకుంటాం. చాలాసార్లు అక్కడే ఆ పూల్‌లోకెల్లా పెద్దది ఉంటుంది. చచ్చిన పురుగు ఎగిరిపోదని దానికి తెలుసు, తొందర ఎందుకు?

ఒక్క రకమే కొనగలిగితే ఏది కొనాలంటారా? ఎమర్జర్. డన్ తినే చేప దాన్ని కాదనదు, ఎమర్జర్ తినే చేప డన్‌ని కాదనొచ్చు. రెండోది కంపారాడన్. లేడి వెంట్రుకల రెక్క ఒక్కటే, మెడ చుట్టూ ఈక ఉండదు. కాబట్టి నీటిలో కాస్త కుంగి కూర్చుంటుంది, నెమ్మది నీళ్లకి సరిపోతుంది. బీవర్‌కిల్ లాంటి ఉరవడిలో మాత్రం అది మునిగిపోతుంది. అక్కడ చుట్టూ బిరుసు ఈకలున్న పాతకాలపు క్యాట్‌స్కిల్ ఫ్లైలే మేలు, వందేళ్లుగా అక్కడ అవే ఎందుకు నిలిచాయో అప్పుడర్థమవుతుంది.

టిప్పెట్: గ్రీన్ డ్రేక్‌కి 4ఎక్స్, సల్ఫర్‌కి బీవర్‌కిల్‌లో 5ఎక్స్. వెస్ట్ బ్రాంచ్‌లో 6ఎక్స్ అంటారు. నా తెగిన కథ విన్నారు కదా, నేను ఇప్పుడు అక్కడా 5ఎక్స్‌తోనే మొదలుపెట్టి, లీడర్‌ని, అంటే లైన్‌కీ ఫ్లైకీ మధ్య ఉండే సన్న దారాన్ని, పన్నెండు అడుగులకి పెంచుకుంటాను. చేపకి ఎగువన నిలబడి కిందికి వదలడం ఇంకా మంచిది, దారం కన్నా ముందు ఫ్లై దానికి కనబడుతుంది.

కాలినడకా, పడవా

వెస్ట్ బ్రాంచ్‌లో గైడ్‌తో డ్రిఫ్ట్ బోట్ తీసుకుంటే ఇద్దరికి కలిపి రోజుకి 500 డాలర్లు దాటుతుంది, టిప్పు వేరే. ఖరీదే. కానీ గేజ్ వెయ్యి దాటిన రోజు వేరే దారి లేదు. పైగా నాలుగు ట్రిప్పుల్లో నేర్చుకునేది ఆ ఒక్క రోజులో నేర్చుకుంటారు. స్నేహితుడితో సగం సగం పంచుకుని ఏడాదికి ఒకసారి వెళ్లడం నాకు నచ్చిన పద్ధతి. బీవర్‌కిల్‌కి మాత్రం పడవ ఊసే వద్దు. పాత రూట్ 17 వెంబడి కారు ఆపుకుని దిగిపోవచ్చు. నడిచేవాళ్లు ఊత కర్ర తప్పకుండా తీసుకెళ్లాలి, నడుముకి బెల్టు బిగించాలి. గడ్డిలో పిడుదులుంటాయి, లైమ్ జబ్బు తెచ్చేవి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనకా, చంకల్లో చూసుకోండి.

రాడ్ విషయంలో ఎక్కువ ఆలోచించకండి. తొమ్మిది అడుగులు, 5 వెయిట్ (అది వేసే లైన్ బరువు నంబరు), రీలూ లైనూ కలిపి 150 నుంచి 250 డాలర్లలో వచ్చే సెట్టు మూడు నదులకీ సరిపోతుంది. నా మొదటి రాడ్ ఒక షాపులో "అన్నిటికీ పనికొస్తుంది" అని అంటగట్టిన 7 వెయిట్. గోరంత సల్ఫర్‌ని దాంతో వేస్తే నీటిలో గులకరాయి పడ్డట్టుండేది. మిగిలిన డబ్బు మంచి వేడర్స్‌కి (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడి దిగని పొడవాటి ప్యాంటుకి) పెట్టండి. వెస్ట్ బ్రాంచ్‌లో చిల్లు పడ్డ వేడర్స్‌తో అరగంట కూడా ఉండలేరు.

లైసెన్స్ రాష్ట్రానికొకటి. న్యూజెర్సీలో లైసెన్స్‌తో పాటు ట్రౌట్ స్టాంప్ కూడా కావాలి. న్యూయార్క్‌లో లైసెన్స్ ఒక్కటే, మనకి నాన్ రెసిడెంట్ రేటు, ఆన్‌లైన్‌లో ఒక రోజుకీ ఏడు రోజులకీ కూడా దొరుకుతుంది. వెస్ట్ బ్రాంచ్ చివరి మైళ్లలో ఒక ఒడ్డు న్యూయార్క్, ఇంకో ఒడ్డు పెన్సిల్వేనియా. ఆ సరిహద్దు నీళ్లలో రెండింట్లో ఏ లైసెన్స్ అయినా చెల్లుతుంది.

నేనైతే

జూన్ మొదటి శనివారం, ఇంట్లో రాత్రి పదకొండు దాకా వదిలేశారు అనుకోండి. పదకొండింటికి ఎడిసన్‌లో పులిహోర డబ్బా కట్టించుకుని బయల్దేరుతాను. ఒంటిగంటంపావుకి రాస్కో. వంతెన కింద దిగి థర్మామీటరు నీళ్లలో ముంచి రెండు నిమిషాలు పట్టుకుంటాను. 62 ఉంటే తొందర లేదు. చెట్టు కింద తిని, ఒక కునుకు తీసి, ఆరింటికి పూల్ దిగువ కొసలో నిలబడతాను. 66 ఉంటే ఆలోచించాలి. మబ్బు పడితే ఉంటాను, ఎండ కాస్తుంటే ఉండను. 68 ఉంటే రాడ్ కారులోంచి తీయను కూడా. పులిహోర డబ్బా మూత పెట్టి మళ్లీ రూట్ 17 ఎక్కుతాను. గంటలోపే డిపాజిట్. అప్పటికి వెస్ట్ బ్రాంచ్ మీద రెండింటి సల్ఫర్లు మొదలవుతుంటాయి.